డాట్సన్ జెడ్‌లో ఏ ఇంజిన్ పెట్టాలి? ఎల్28, టర్బో, ఆర్‌బీ25, ఎల్ఎస్ పోలిక

1970–78 మోడళ్లుగా అమెరికాలో అమ్ముడైన డాట్సన్ 240జెడ్, 260జెడ్, 280జెడ్ కార్లను ఇంటి గ్యారేజ్‌లో బాగుచేసుకునేవాళ్లు చాలామంది ఇంజిన్ దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతారు. ఉన్న ఆరు సిలిండర్ల ఎల్ సిరీస్ ఇంజిన్‌నే (280జెడ్‌లో ఎల్28) రీబిల్డ్ చేయించాలా? దాని టర్బో రూపం ఎల్28ఈటీ వేయాలా? జపాన్ నుంచి నిస్సాన్ స్కైలైన్ ఇంజిన్ ఆర్‌బీ25 తెప్పించాలా? షెవర్లే వీ8 (ఎల్ఎస్) ఎక్కించాలా? డాలస్‌లోనో బే ఏరియాలోనో గ్యారేజ్‌లో ఒక పక్క ఈ బండి పెట్టుకుని, శనాదివారాలు మాత్రమే చేయి పెట్టగలిగే తెలుగువాళ్లకూ ఇదే తికమక.

ఎక్కువమంది హార్స్‌పవర్ అంకెలు పక్కపక్కన పెట్టుకుని తేల్చేస్తారు. ఆ అంకెను చివర్లో చూడండి. 240జెడ్ బరువు సుమారు 1,050 కిలోలే, దానికి 180 హెచ్‌పీ ఇచ్చినా బండి ఎగిరినట్టే పోతుంది. పోల్చాల్సింది వేరే ఉంది: ఆ ఇంజిన్ ఎక్కిస్తే దాని చుట్టూ ఇంకా ఏమేం మార్చాలి, ఆ మార్పుల్లో మీ చేతులతో అయ్యేవి ఎన్ని? సగంలో ఆగిపోయి అమ్మకానికి వచ్చే జెడ్‌లలో ఇంజిన్ కుదురుగా కూర్చునే ఉంటుంది. ఆగిపోయేది వైరింగ్, ఫ్యూయల్ లైన్లు, డ్రైవ్‌షాఫ్ట్ దగ్గర.

ఇంజిన్ కంటే ముందు చూడాల్సినవి

మొదటిది మోడల్ ఏడాది. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడల్ పెట్రోల్ బండ్లకు స్మాగ్ చెక్ (కాలుష్య పరీక్ష) లేదు. అంటే 240జెడ్, 260జెడ్, 1975 నాటి 280జెడ్ యజమానులకు ఎంపిక స్వేచ్ఛ ఉంది. 1976–78 నాటి 280జెడ్‌కు ఆ స్వేచ్ఛ లేదు. మార్చే ఇంజిన్ బండి ఏడాదిదో, అంతకంటే కొత్తదో అయి ఉండాలి. దానితో వచ్చిన కాలుష్య నియంత్రణ భాగాలన్నీ బిగించి స్మాగ్ రిఫరీ (ఇలాంటి మార్పులను పరిశీలించేవారు) దగ్గర చూపించి పాస్ చేయించుకోవాలి. అమెరికాలో ఎప్పుడూ సర్టిఫై కాని ఆర్‌బీ25 లాంటి ఇంజిన్ అక్కడ నెగ్గదు. మిగతా రాష్ట్రాల్లో నిబంధనలు వేరు, ఇంజిన్ కొనకముందే మీ రాష్ట్రానివి చదవండి.

ఇండియాలో ఉన్న పాత బండి మీద ఇలాంటి ఆలోచన ఉన్నవాళ్లకు ఒక మాట. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం అదే రకం ఇంజిన్ మార్చినా ఆర్‌టీఓ దగ్గర ఆమోదం తీసుకుని ఆర్‌సీలో కొత్త ఇంజిన్ నంబర్ ఎక్కించుకోవాలి. కంపెనీ ఆ మోడల్‌కు ఇవ్వని ఇంజిన్ ఎక్కించడానికి రోడ్డు మీద దారి దాదాపు లేదు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా అక్కడే చిక్కుకుంటుంది.

రెండోది తుప్పు. ఈ కార్లకు విడిగా ఛాసీ ఉండదు, బాడీ రేకే బరువు మోస్తుంది. బ్యాటరీ ట్రే కింద యాసిడ్ కారి ముందు ఫ్రేమ్ రైల్ తినేసిందేమో చూడండి. ఫ్లోర్, దాని కింది రైళ్లు, వెనక చక్రం ముందున్న మూల, డిక్కీ తలుపు కింది అంచు కూడా స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. రైల్‌లో స్క్రూడ్రైవర్ దిగితే ఇంజిన్ డబ్బు వెల్డింగ్‌కు పోవాల్సిందే. తుప్పు రైళ్ల మీద 300 హెచ్‌పీ పెట్టడం ప్రాణానికే ప్రమాదం.

మూడోది, బండి ఒరిజినల్ నంబర్లతో ఉందా? ఇంజిన్ మీది నంబర్ బండి గుర్తింపు రేకు మీది నంబర్‌తో సరిపోయే తొలి 240జెడ్‌లకు మంచి ధర పలుకుతోంది. అలాంటి బాడీని కోసి వీ8 పెట్టకండి. మార్పులకు 280జెడ్ కొనుక్కోవడం మేలు. 1975 నుంచే ఫ్యూయల్ ఇంజెక్షన్ రావడంతో దాని ట్యాంకు, లైన్లు అధిక ప్రెషర్ పంపుకు సగం సిద్ధంగా ఉంటాయి. బలమైన ఆర్200 డిఫరెన్షియల్ కూడా దాంట్లో ఉంటుంది.

ఇక చోటు. బండి 3 నెలలు కదలదని అనుకుంటే 9 నెలలు కదలదని లెక్క వేసుకోండి. చాలా హెచ్‌ఓఏలు (ఇళ్ల యజమానుల సంఘాలు) నడవని బండిని డ్రైవ్‌వేలో ఉండనివ్వవు, కాబట్టి గ్యారేజ్ లోపలే చోటు కావాలి. గ్యారేజ్‌లో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే ట్యాంకు, లైన్లు విప్పే రోజు దాన్ని ఆపేయండి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీదుగా పాకి హీటర్ మంట దాకా పోతుంది.

ఒక్క చూపులో

| | ఎల్28 రీబిల్డ్ | ఎల్28ఈటీ టర్బో | ఆర్‌బీ25డీఈటీ | ఎల్ఎస్ వీ8 |
|---|---|---|---|---|
| ఎక్కడిది | 280జెడ్, 280జెడ్ఎక్స్ | 1981–83 280జెడ్ఎక్స్ టర్బో | ఆర్33 స్కైలైన్ | 1998–2002 కమారో; 5.3 అయితే పికప్ ట్రక్కులు |
| సైజు | 2,753 సీసీ | 2,753 సీసీ | 2,498 సీసీ | 5.7 లేదా 5.3 లీటర్లు |
| కంపెనీ చెప్పిన శక్తి | 1975లో 149 హెచ్‌పీ | 180 హెచ్‌పీ | 250 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) | 1998 కమారోలో 305 హెచ్‌పీ |
| ఇంజిన్ మౌంట్లు | ఉన్నవే | ఉన్నవే | కిట్ కావాలి | కిట్ కావాలి |
| గేర్‌బాక్స్ | ఉన్నదే | ఉన్నదే, లేదా టీ5 | స్కైలైన్‌దే | టీ56 |
| డ్రైవ్‌షాఫ్ట్ | ఉన్నదే | గేర్‌బాక్స్‌ను బట్టి | కొత్తగా చేయించాలి | కొత్తగా చేయించాలి |
| వైరింగ్ | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ | ఎక్కువ, కానీ రెడీమేడ్ దొరుకుతుంది |
| స్పేర్ పార్టులు | సులువు | కొన్ని అరుదు | ఆర్డర్ ఇచ్చి ఆగాలి | ఏ ఊళ్లోనైనా |

ఎల్28 రీబిల్డ్

ముందు ఒక పరీక్ష. ఇంజిన్ వేడి చేసి, ఆరు ప్లగ్గులూ తీసి, త్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ చూడండి. సిలిండర్ల మధ్య తేడా 10–15 శాతం లోపు ఉంటే ఇంజిన్ దించే పనే లేకపోవచ్చు. "బలం లేదు" అనుకున్న ఎల్ ఇంజిన్లలో చాలావాటికి కావాల్సింది టాపెట్ సెట్టింగ్, మంచి ఇగ్నిషన్, కార్బ్యురేటర్ల సమతూకం. వేడి ఇంజిన్ మీద ఇన్‌టేక్ 0.25 మి.మీ., ఎగ్జాస్ట్ 0.30 మి.మీ. గ్యాప్ పెట్టాలి. 240జెడ్‌లోని పాత తరహా ఇగ్నిషన్ పాయింట్లు తీసేసి, 280జెడ్ఎక్స్ డిస్ట్రిబ్యూటర్‌ను దాని ఇ12-80 మాడ్యూల్‌తో సహా పెడితే తక్కువ ఖర్చులో స్టార్టింగ్, ఐడ్లింగ్ రెండూ మారిపోతాయి.

హెడ్ విప్పక తప్పదంటే ఒక్క విషయం మరవకండి. క్యామ్ స్ప్రాకెట్ తీసే ముందు టైమింగ్ చైన్ రెండు వరసల మధ్య పైనుంచి వాలుగా చెక్కిన చెక్క ముక్క (వెడ్జ్) దించి బిగించాలి. అది లేకుండా చైన్ వదులైతే కింద టెన్షనర్ బయటికి జారుతుంది. ఇక దాన్ని లోపలికి నెట్టాలంటే ముందు కవర్ మొత్తం విప్పాల్సిందే. గంట పని రెండు రోజులవుతుంది.

కొత్త క్యామ్ వేస్తే రాకర్లు కూడా కొత్తవో, గ్రైండ్ చేయించినవో వేయాలి. అసెంబ్లీ లూబ్ దట్టంగా పూసి, జింక్ ఎక్కువున్న ఆయిల్ పోసి, స్టార్ట్ అయిన వెంటనే 2,000–2,500 ఆర్‌పీఎం మీద 20 నిమిషాలు నడపండి, ఐడిల్‌లో వదలొద్దు. క్యామ్ పైన స్ప్రే బార్ ఉన్న ఇంజిన్ అయితే ఆ పైపు కీళ్లు వదులయ్యాయేమో ముందే చూడాలి. అక్కడ ఆయిల్ కారిపోతే లోబ్‌లు తొందరగా అరిగిపోతాయి.

ఇంకాస్త కావాలనుకునేవాళ్లకు 3.1 లీటర్ల స్ట్రోకర్ (క్రాంక్ మార్చి పిస్టన్ కదలిక పొడవు పెంచిన ఇంజిన్) దారి ఉంది: డీజిల్ మ్యాక్సిమా ఎల్‌డీ28 క్రాంక్ 83 మి.మీ. స్ట్రోక్, 89 మి.మీ. బోర్, 240జెడ్ ఇంజిన్ ఎల్24 కనెక్టింగ్ రాడ్లు. ఎఫ్54 అనే ముద్ర ఉన్న ఎల్28 బ్లాకునే వెతకండి. బోరింగ్‌కు ముందు మెషీన్ షాపులో సోనిక్ టెస్ట్ చేయించి గోడల మందం కొలిపించాలి, అన్ని బ్లాకులూ 89కి తట్టుకోవు. మధురమైన ఇంజిన్ అవుతుంది, కాదనను. కానీ ఆ క్రాంక్ దొరకడమే కష్టం. మొత్తం బిల్లు చూస్తే అంతకంటే తక్కువలో టర్బో ఇంకా ఎక్కువ టార్క్ ఇస్తుంది.

ఎల్28ఈటీ టర్బో

మొదటిసారి ఇంజిన్ మార్చేవాళ్లకు నాలుగింటిలోనూ తెలివైన ఎంపిక ఇదే. బయటి కొలతల్లో ఇది పాత ఇంజిన్‌కు కవల. అవే మౌంట్లు, అదే బెల్‌హౌసింగ్. ఒక వారాంతంలో పాతది దించి, మరో వారాంతంలో ఇది ఎక్కించవచ్చు. బానెట్, రేడియేటర్ తీసేసి, లోడ్ లెవెలర్‌తో ముక్కు పైకెత్తి, ఇంజిన్ గేర్‌బాక్స్ కలిపే బయటికి తీయండి. 2 టన్నుల హాయిస్ట్ అయినా బూమ్ పూర్తిగా చాచితే మోయగల బరువు బాగా తగ్గిపోతుందని మరవకండి.

కొనేటప్పుడు ఇంజిన్ ఒక్కటే కొనొద్దు. దాని ఆయిల్ పంపు, డిస్ట్రిబ్యూటర్, దాన్ని తిప్పే షాఫ్ట్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, టర్బో, ఆయిల్ రిటర్న్ పైపు, వైరింగ్, కంప్యూటర్, ఎయిర్‌ఫ్లో మీటర్ అన్నీ ఒకే బండివి తీసుకోండి. క్రాంక్ యాంగిల్ సెన్సర్ 1981లో ముందు పుల్లీ దగ్గర, 1982–83లో డిస్ట్రిబ్యూటర్ లోపల ఉంటుంది. ఒక ఏడాది ఇంజిన్‌కు ఇంకో ఏడాది వైరింగ్ తెచ్చుకుంటే స్పార్క్ రాదు.

ఎల్ ఇంజిన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లు రెండూ ఒకే పక్క, ఒకే గ్యాస్కెట్ మీద, కొన్ని స్టడ్‌లను పంచుకుంటూ కూర్చుంటాయి. ఫ్లాంజ్‌ల మందం తేడాగా ఉంటే మందపాటి వాషర్ ఒకదాన్నే నొక్కుతుంది, రెండోదాని దగ్గర లీకు. బిగించేముందు రెండు మందాలూ కొలిచి మెషీన్ షాపులో సమం చేయించండి. వేడికి సాగి సాగి చివరి స్టడ్‌లు, ముఖ్యంగా ఆరో సిలిండర్ వైపువి, హెడ్‌లోనే విరిగి ఉండటం మామూలే. ఇంజిన్ బయట ఉండగానే తీయించాలి, ఎక్కించాక డ్రిల్ పట్టదు.

ఆయిల్ రిటర్న్ పైపు మొదటినుంచి చివరిదాకా కిందికే దిగాలి. మధ్యలో వంపు పైకి లేస్తే ఆయిల్ నిలిచి, టర్బో సీల్ దాటి నీలం పొగ వస్తుంది. టర్బో పోయిందనుకుని మార్చేస్తారు, తప్పు పైపుది.

కంప్రెషన్ 7.4:1, బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) సుమారు 7 పీఎస్‌ఐ, ఇంటర్‌కూలర్ లేదు. కంపెనీ ఇలాగే అమ్మింది, ఇలా ఉంచితే మన్నుతుంది. బూస్ట్ పెంచాలంటే పాత కంప్యూటర్‌తో కుదరదు. ఎయిర్‌ఫ్లో మీటర్ రెక్క పూర్తిగా తెరుచుకున్నాక అది ఇంకా పెట్రోల్ పోయలేదు, మిశ్రమం పల్చనై పిస్టన్ పోతుంది. 10 పీఎస్‌ఐ దాటాలంటే ఇంటర్‌కూలర్, పెద్ద ఇంజెక్టర్లు, మెగాస్క్విర్ట్ లాంటి ప్రోగ్రామబుల్ కంప్యూటర్, వైడ్‌బ్యాండ్ సెన్సర్ (ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ కొలిచేది) నాలుగూ కలిసి రావాలి. బూస్ట్‌లో ఎయిర్-ఫ్యూయల్ నిష్పత్తి 11.5–12 మధ్య ఉంచండి. సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్లు ఈ ట్యూనింగ్ భాగాన్ని ఇష్టంగా నేర్చుకుంటారు, అది ఇక్కడ నిజమైన లాభం.

1983లో వచ్చిన పీ90ఏ హెడ్‌లో హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉంటాయి. శక్తి పెంచే పెర్ఫార్మెన్స్ క్యామ్ వేసే ఆలోచన ఉంటే పీ90 హెడ్ ఉన్న ఇంజిన్ వెతకండి.

ఆర్‌బీ25డీఈటీ

జెడ్ పొడవైన ముక్కులో నిస్సాన్ ఆరు సిలిండర్ల ట్విన్ క్యామ్ చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది. శబ్దం కూడా వంశానికి తగినదే. దీన్ని ఎంచుకునేవాళ్లు ఎక్కువమంది ఆ అందం కోసమే ఎంచుకుంటారు, అది న్యాయమైన కారణమే.

ధర మాత్రం భాగాల్లో చెల్లించాలి. ఈ ఇంజిన్ అమెరికాలో ఎప్పుడూ అమ్మలేదు. వాటర్ పంపు పోతే వీధి చివరి పార్టుల షాపులో దొరకదు. అందుకే ఇంజిన్ స్టాండ్ మీద ఉండగానే టైమింగ్ బెల్ట్, టెన్షనర్, వాటర్ పంపు, బ్లాకు వెనకున్న ఫ్రీజ్ ప్లగ్గులు, హీటర్ గొట్టాలు, క్రాంక్ సీళ్లు మార్చేయండి. పగుళ్లు పట్టిన ఇగ్నిషన్ కాయిల్స్ బూస్ట్‌లో మిస్‌ఫైర్ ఇస్తాయి, అవీ ఇప్పుడే మార్చాలి. ఆర్33 టర్బోలో టర్బైన్ చక్రం సిరామిక్. కంపెనీ బూస్ట్ దాటి బాగా పెంచితే చక్రం షాఫ్ట్ నుంచి ఊడిపోతుంది. శక్తి పెంచడం మీ ఉద్దేశమైతే టర్బో మార్పు ఖర్చు మొదటి రోజే లెక్కలో వేయండి.

గేర్‌బాక్స్ గట్టిది, ఇంజిన్‌తో కలిపే కొనండి. స్పీడ్ సెన్సర్ ఎలక్ట్రానిక్ కాబట్టి జెడ్ కేబుల్ స్పీడోమీటర్ పనిచేయదు.

ఎల్ఎస్ వీ8

బరువు పెరిగి ముందు భాగం చెడుతుందని భయపడేవాళ్లు చాలామంది. అల్యూమినియం ఎల్ఎస్1 (కమారోలోని 5.7) విషయంలో ఆ భయం అక్కర్లేదు. ఇనుప బ్లాకు ఎల్28తో దాని బరువు దాదాపు సమానం, పైగా పొట్టిది కాబట్టి ఫైర్‌వాల్ వైపు వెనక్కి కూర్చుంటుంది. ట్రక్కుల ఎల్ఎం7 5.3 మాత్రం ఇనుప బ్లాకు, 30 కిలోలకు పైనే ఎక్కువ. అయినా చౌక, జంక్‌యార్డ్‌లో ఎప్పుడూ దొరుకుతుంది.

ట్రక్కు ఇంజిన్ కొంటే దాని చుట్టూ ఉన్నవి చాలావరకు పనికిరావు. ఆయిల్ పాన్ మరీ లోతు, ఇన్‌టేక్ బానెట్‌కు తగులుతుంది, ముందున్న ఆల్టర్నేటర్ బ్రాకెట్లు చోటు చాలనివ్వవు. కమారో పాన్, కార్ల ఇన్‌టేక్, కార్ల బ్రాకెట్లు విడిగా కొనాలి. ఈ మూడూ కలిపాక ఎల్ఎస్1 పూర్తి సెట్ ధరతో పోల్చి చూడండి, చౌక అనుకున్నది అంత చౌకగా ఉండకపోవచ్చు.

కంప్యూటర్ విషయంలో క్రాంక్ రిలక్టర్ (క్రాంక్‌తో పాటు తిరిగే పళ్ల చక్రం) పళ్లు చూసుకోవాలి. 24 పళ్ల ఇంజిన్‌కు 24 పళ్ల కంప్యూటరే, 58 ఇంజిన్‌కు 58దే. దొంగతన నిరోధక లాక్‌ను కంప్యూటర్‌లో తీయించకపోతే స్టార్ట్ అయి వెంటనే ఆగిపోతుంది. త్రాటిల్ కేబుల్‌దా ఎలక్ట్రానిక్‌దా చూడండి. ఎలక్ట్రానిక్ అయితే దాని పెడల్, కొన్ని ఏడాదుల ఇంజిన్లకు దాని మాడ్యూల్ కూడా తెచ్చుకోవాలి.

పెట్రోల్ 58 పీఎస్‌ఐ దగ్గర కావాలి. 1999–2003 కార్వెట్ ఫిల్టర్‌లోనే రెగ్యులేటర్ ఉంటుంది. దాన్ని ట్యాంకు దగ్గర పెడితే రిటర్న్ అక్కడినుంచే వెనక్కి పోతుంది, ఇంజిన్ దాకా ఒకే లైన్ చాలు. హెడ్‌ల ముందున్న సన్నటి ఆవిరి పైపును మూసేయకండి, రేడియేటర్ పైభాగానికి కలపండి. మూస్తే హెడ్‌లో ఆవిరి బుడగ నిలిచి, గేజ్ మామూలుగా చూపిస్తుండగానే వేడెక్కుతుంది.

టీ56 లోపలి క్లచ్ స్లేవ్‌కు గాలి తీసే పైపును గేర్‌బాక్స్ బిగించకముందే బయటికి తెచ్చుకోండి. తర్వాత చేయి దూరదు. డ్రైవ్‌షాఫ్ట్‌కు ఆర్డర్ ఇచ్చేముందు ఇంజిన్ వంపు, డిఫరెన్షియల్ పినియన్ వంపు కొలవండి. రెండూ సమానంగా, ఎదురెదురుగా, 1 డిగ్రీ లోపు తేడాతో ఉండాలి. లేకపోతే హైవే మీద వచ్చే వణుకును ఎన్నిసార్లు బ్యాలెన్స్ చేయించినా పోదు. హెడర్‌కు, స్టీరింగ్ షాఫ్ట్‌కు మధ్య 10 మి.మీ. అయినా ఖాళీ కావాలి. ఇంజిన్‌ను జాక్‌తో పక్కకు ఒరిగించి మళ్లీ చూడండి, టార్క్ మీద అది కదులుతుంది.

ఏ ఇంజిన్ పెట్టినా తప్పని పనులు

240జెడ్‌లోని ఆర్180 డిఫరెన్షియల్ 200 హెచ్‌పీ చుట్టుపక్కల పరవాలేదు. వీ8 టార్క్‌కు ఆర్200 కావాలి. దానికి తగ్గ మస్టాష్ బార్ (డిఫరెన్షియల్‌ను వెనక నుంచి పట్టి ఉంచే అడ్డపట్టీ) కూడా 280జెడ్‌ది తీసుకోవాలి. ముందు డిఫరెన్షియల్ మౌంట్ రబ్బరు చీలితే క్లచ్ వదిలినప్పుడల్లా "ఠక్" మంటుంది, కొత్తది వేయండి.

బ్రేకులకు టయోటా ట్రక్కుల ఎస్12-8 నాలుగు పిస్టన్ల క్యాలిపర్లు 240జెడ్ మామూలు డిస్క్ మీదకే బోల్ట్ అవుతాయి, దుమ్ము రేకు కాస్త వంచాలి. ఎస్12డబ్ల్యూ అయితే వెంటిలేటెడ్ డిస్క్ మార్పిడి తప్పదు. శక్తి పెంచకపోయినా చేయదగ్గ పని ఇది.

240జెడ్‌లో ఛార్జింగ్ కరెంటంతా డాష్‌బోర్డులోని ఆమ్‌మీటర్ గుండా పోతుంది. 100 ఆంపియర్ల ఆల్టర్నేటర్ పెట్టి ఆ తీగను అలాగే వదిలేస్తే డాష్ వెనక మంట పుడుతుంది. ఆమ్‌మీటర్‌ను తప్పించి, వోల్ట్‌మీటర్ పెట్టి, ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి ఫ్యూజ్ ఉన్న లావు తీగ నేరుగా లాగాలి. 240జెడ్ ట్యాంకు కార్బ్యురేటర్ కోసం చేసినది. ఇంజెక్షన్ పెడితే మలుపులో పెట్రోల్ పక్కకు పోయి పంపు గాలి పీలుస్తుంది. పంపుకు ఎప్పుడూ పెట్రోల్ అందేలా వెనక చిన్న సర్జ్ ట్యాంకు పెడితే ఆ సమస్య తీరుతుంది.

ఎవరికి ఏది

ఆదివారం ఉదయం నెమ్మదిగా తిప్పుకోవడానికి, ఒరిజినల్ విలువ నిలుపుకోవడానికి ఎల్28 సర్వీసు చాలు. పాత ఇంజిన్‌ను పారేయకుండా నూనె పూసి దాచండి, అమ్మేరోజు అది బండితో పాటు పోవాలి.

వారానికి 6–8 గంటలే దొరికే, వెల్డింగ్ రాని, ఒకే గ్యారేజ్ ఉన్న వ్యక్తికి ఎల్28ఈటీ. బండి 280జెడ్ అయితే మరీ మంచిది. ఒక దశ పూర్తయ్యాక నడుపుకుంటూ తర్వాతి దశకు డబ్బు కూడబెట్టుకోవచ్చు. మిగతా రెండు ఇంజిన్లలో ఆ వీలు లేదు, అన్నీ కలిసి పూర్తయితేనే బండి కదులుతుంది.

దూర ప్రయాణాలు, ట్రాక్ రోజులు, ఎక్కడ ఆగినా పార్టులు దొరకాలనుకునేవాళ్లకు ఎల్ఎస్1, టీ56, ఆర్200. ఇంట్లో వెల్డింగ్ లేకపోయినా కిట్లతో అవుతుంది. డ్రైవ్‌షాఫ్ట్, ఎగ్జాస్ట్ మాత్రం బయట చేయించండి.

నిస్సాన్ వంశం తప్పకూడదనుకుని, పార్టుల కోసం వారాలు ఆగే ఓపిక, రెండో కారు ఉన్నవాళ్లకు ఆర్‌బీ25.

కాలిఫోర్నియాలో 1976–78 280జెడ్ ఉన్నవాళ్లకు జాబితా వేరు. ఎల్28 రీబిల్డ్, లేదంటే క్యాటలిస్ట్, సెన్సర్లు, ఈజీఆర్ (ఎగ్జాస్ట్‌లో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే భాగం) అన్నీ ఉన్న పూర్తి ఎల్28ఈటీ దాత బండి (భాగాల కోసం కొనేది). ఎల్ఎస్ వెళ్లాలంటే ట్రక్కు ఇంజిన్ వదిలేసి, ప్యాసింజర్ కారుది దాని కాలుష్య భాగాలన్నిటితో కొనండి. పాత గొట్టం ఒక్కటి కూడా పారేయకుండా ఫొటోలు తీసి పెట్టుకోండి, రిఫరీ అండర్‌హుడ్ లేబుల్‌లోని ప్రతి భాగాన్నీ అడుగుతారు.